బుజ్జి మాత్రల గురించి, మీ ఇద్దరికీ

చిట్టీ, బుజ్జీ,

"తాతా, తమ్ముడి మాత్ర పరీక్షల ముందు నేనూ ఓటి వేసుకుంటే ఏటవుద్ది?" అని చిట్టి ఫోన్లో అడిగింది. విశాఖ ద్వారకానగర్‌లో ఇన్నేళ్లు మందుల షాపు నడిపినవాణ్ణి, నవ్వేసి ఊరుకోలేక రాస్తున్నాను.

బుజ్జి వేసుకునేది మిథైల్‌ఫెనిడేట్. 1944లో స్విట్జర్లాండ్‌లో తయారుచేశారు. మెదడులో డోపమైన్ లాంటి రసాయనాలు కాస్త ఎక్కువసేపు నిలిచేలా చేస్తుంది. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని, కుదురు లేని సమస్య ఉన్న పిల్లలకు దాంతో కుదురు వస్తుంది. ఇందులో నామోషీ ఏమీ లేదు బుజ్జీ, నీ కళ్లద్దాల్లాంటిదే.

కాకపోతే ఆకలి చంపేస్తుంది. నీ క్యారేజీ సగం అన్నంతో తిరిగొస్తోందని మీ అమ్మ గోల పెట్టేది అందుకే. మాత్రకు ముందే ఇడ్లీలు కడుపునిండా తినెయ్. సాయంత్రం మందు ప్రభావం తగ్గాక మళ్లీ ఆకలేస్తుంది, అప్పుడు మొహమాటపడకుండా అడిగి పెట్టించుకో. పొద్దుపోయాక వేసుకుంటే నిద్ర పట్టదు. గుండె వేగం, బీపీ కొద్దిగా పెరగొచ్చు, కొందరికి ఎదుగుదల కాస్త మందగిస్తుంది. నువ్వు వెళ్లినప్పుడల్లా డాక్టరుగారు ఎత్తు, బరువు, బీపీ చూసేది ఊరికే కాదు, విసుక్కోకు. రోజంతా పనిచేసే రకమైతే నమలకూడదు, నూరకూడదు. అలా చేస్తే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగిపోతుంది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, లేని మాటలు వినిపించడం చాలా అరుదు. వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, కేజీహెచ్ ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే. చిన్నచిన్న ఇబ్బందులైతే డాక్టరుకు చెప్పు, నీ అంతట నువ్వు మానేయకు.

ఇక నీ సంగతి చిట్టీ. నీకు ఏడీహెచ్‌డీ లేదు. ఆ మాత్ర వేసుకుంటే నిద్ర ఎగిరిపోతుంది, తెగ చదివేశామనిపిస్తుంది. మార్కులు వచ్చినప్పుడు కదా అసలు సంగతి తెలిసేది! ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండెజబ్బుతో పోయారా అని డాక్టరు ముందే ఆరా తీస్తారు, నిన్నెవరు అడిగారు? అలవాటు పడితే వదిలించుకోవడం కష్టం. మాత్రలు పంచుకుంటే వచ్చే ప్రమాదం గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో ఈ మందుల హెచ్చరికను మరింత గట్టిగా రాయించింది. మన దగ్గర ఇది 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. డాక్టరు చీటీ లేకుండా అడిగిన కాలేజీ కుర్రాళ్లను ఎంతమందిని వెనక్కి పంపానో!

పరీక్షల టెన్షన్ మరీ ఎక్కువైతే 14416కి ఫోన్ చెయ్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అక్కర్లేదు. మాత్రల డబ్బా ఫ్రిజ్ మీద నుంచి తీసి బీరువాలో పెట్టి తాళం వేయమని మీ నాన్నకు చెప్పాను. కోపం తెచ్చుకోకు, మీ ఇంటికి నీ స్నేహితులూ వస్తారు కదా.

మీ తాతయ్య