టాపెట్ కవర్ ప్యాకింగ్ లీకు: అపోహలు - వాస్తవాలు

పెట్రోల్ కారులో ఇంజన్ ఆయిల్ లీకవుతోందంటే ముందుగా చూడాల్సింది ఇంజన్ పై మూత, అంటే టాపెట్ కవర్ అంచు. దాని ప్యాకింగ్ (రబ్బరు గ్యాస్కెట్) ఇంట్లోనే మార్చుకోవచ్చు. 10 నంబర్ టీ స్పానర్, చిన్న టార్క్ రెంచి, టార్చి, చేతి అద్దం, పోగులు రాలని గుడ్డ ఉంటే ఒక పూట పని. ఇక్కడ చెప్పేవి మారుతి కె-సిరీస్ లాంటి, ప్లగ్గుకో కాయిల్ ఉండే ఇంజన్లకు వర్తిస్తాయి.

అపోహ: ప్యాకింగ్ పోయిందంటే ఇంజన్ విప్పాల్సిందే.

ఈ మాట హెడ్ గ్యాస్కెట్‌కు చెల్లుతుంది. అది బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండి మండే గ్యాసుల ఒత్తిడిని ఆపుతుంది. టాపెట్ కవర్ అంతకన్నా పైన ఉండే మూత. దాని కింద చిందే ఆయిలూ, ఆవిరీ తప్ప పెద్ద ఒత్తిడేమీ ఉండదు. ఇంజన్ ఆపాక ఆయిల్ అడుగున ఉండే తొట్టి, అంటే సంపులోకి దిగిపోతుంది కాబట్టి డ్రెయిన్ చేసే పని కూడా లేదు. ఇంజన్ మాత్రం పూర్తిగా చల్లారి ఉండాలి.

అపోహ: కింద ఆయిల్ కనిపిస్తే సంపో, క్రాంక్ సీలో పోయినట్టే.

పైన ఊరిన ఆయిల్ హెడ్ వెంబడి జారి, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకి, చివరికి గేర్‌బాక్స్ దగ్గర చుక్క కడుతుంది. చుక్క పడ్డచోటే లీకు ఉందనుకుని ఖర్చు పెట్టకండి. ఇంజన్ తుడిచి, ఒక రోజు నడిపి, టార్చి వేసుకుని పై నుంచి కిందికి చూడండి. తడి ఎక్కడ మొదలైందో అదే లీకు. టాపెట్ కవర్ అంచు పొడిగా ఉంటే క్యామ్ సెన్సర్ ఓ-రింగు, ఆయిల్ ప్రెషర్ స్విచ్ చూడాలి.

అపోహ: ప్లగ్గు గుంతలో ఆయిల్ ఉంటే పిస్టన్ రింగులు అరిగాయి.

రింగులు అరిగితే ఆయిల్ సిలిండర్‌లో మండి సైలెన్సర్ నుంచి నీలం పొగగా వస్తుంది. గుంతలో నిలిచే ఆయిల్ పై నుంచి, ప్లగ్గు గొట్టాల చుట్టూ ఉండే రబ్బరు సీళ్ల నుంచి దిగుతుంది. అది కాయిల్ బూటును (ప్లగ్గు మీద కూర్చునే రబ్బరు తొడుగును) ఉబ్బించి మిస్‌ఫైర్ (సిలిండర్ సరిగా మండకపోవడం) తెస్తుంది. ప్లగ్గులు విప్పే ముందే ఆ ఆయిల్‌ను సిరంజితోనో గుడ్డతోనో తీసేయాలి, లేకపోతే అంతా సిలిండర్‌లోకి పోతుంది. ప్యాకింగ్ కొనేటప్పుడు ఈ సీళ్లు అదే ప్యాకెట్లో ఉన్నాయో లేదో చూసుకోండి. అంచు ప్యాకింగ్ ఒక్కటి మార్చి సీళ్లు పాతవే వదిలేస్తే నెలలు తిరక్కుండా మళ్లీ విప్పాల్సి వస్తుంది.

అపోహ: చుట్టూ అనబాండ్ (సీలెంట్ పేస్టు) పట్టిస్తే ఇక లీకే ఉండదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. రబ్బరు ప్యాకింగ్ పొడిగా కూర్చుని, నలిగి పట్టుకునేలా తయారవుతుంది. దానికి సీలెంట్ పూస్తే బిగించేటప్పుడు గాడిలోంచి జారుతుంది. లోపలివైపు పొంగిన సీలెంట్ ముక్కలుగా ఊడి సంపులోకి చేరి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడుతుంది. ఆయిల్ ప్రెషర్ పడిపోతే క్యామ్, బేరింగులు అరుగుతాయి. చిన్న లీకు ఆపబోయి ఇంజన్ పని తెచ్చుకోవడమన్నమాట.

సీలెంట్ అవసరమైన చోట్లు కొన్నే. టైమింగ్ కవర్ వచ్చి హెడ్‌ను కలిసే రెండు మూలలు, కొన్ని ఇంజన్లలో క్యామ్ క్యాప్ పక్కన ఉండే మెట్లు. అక్కడ పాత సీలెంటంతా తీసి, బ్రేక్ క్లీనర్ తడిపిన గుడ్డతో జిడ్డు పోగొట్టి, సుమారు 3 మిల్లీమీటర్ల బొట్టు పెట్టి, అది ఆరకముందే కవర్ కూర్చోబెట్టాలి. ఆ తర్వాత ట్యూబు మీద రాసినంత సేపు ఆగాకే స్టార్ట్ చేయాలి. గీకడానికి స్క్రూడ్రైవర్ వాడొద్దు. అల్యూమినియం మీద పడిన ఒక్క గీత చాలు, కొత్త ప్యాకింగ్ వేసినా ఆయిల్ దారి చూసుకుంటుంది. ప్లాస్టిక్ పట్టీతో గీకండి. ముక్కలు లోపల పడకుండా క్యామ్‌ల మీద గుడ్డ పరవండి.

ప్యాకింగ్‌ను గాడిలో మూలల నుంచి మొదలుపెట్టి నొక్కుతూ రావాలి. ఎక్కడా సాగదీయకూడదు. కవర్ తిరగేసినా అది ఊడి పడకుండా ఉండాలి. కవర్‌ను నిటారుగా దించి, కదపకుండా, వెనక అంచు వెంబడి వేలు పోనిచ్చి చూడండి. ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) వైపు కంటికి ఆనని ఆ అంచు దగ్గరే ప్యాకింగ్ తరచూ మడత పడుతుంది. వేలికి ఎత్తుగా తగిలితే అద్దం పెట్టి చూసి, మళ్లీ ఎత్తి సరిచేయండి.

అపోహ: ఎంత గట్టిగా బిగిస్తే అంత పట్టు.

బోల్టు తల 10 నంబర్ అయినా దాని మర సాధారణంగా 6 మిల్లీమీటర్లే. దిగేది అల్యూమినియంలోకి. ఇలాంటి బోల్టులకు సాధారణంగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు, మీ ఇంజన్‌కు ఎంతో మాన్యువల్ చూసి ఖాయం చేసుకోండి. చక్రం నట్టుకు పెట్టే బలం దీనికి దాదాపు పదింతలు. ఆ చేతి బలం ఇక్కడ చూపిస్తే మర తినేస్తుంది, ప్లాస్టిక్ కవరైతే పగులుతుంది. చాలా బోల్టులకు మెట్టు ఉంటుంది. మెట్టు ఆనాక ఇంకా తిప్పినా ప్యాకింగ్ మీద అదనపు ఒత్తిడి పడదు, మర మాత్రం పోతుంది. ముందు అన్నిటినీ చేత్తో దించి, మధ్యలోంచి బయటికి, ఒకదాని తర్వాత దాని ఎదుటిదాన్ని, రెండు విడతల్లో బిగించాలి.

అపోహ: పాత ప్యాకింగ్ తుడిచి వేసుకోవచ్చు.

వేడికి గట్టిపడిన రబ్బరు తిరిగి నలగదు. కొన్ని విరిస్తే అప్పడంలా పుటుక్కుమంటాయి.

అపోహ: చిక్కటి ఆయిల్ పోస్తే లీకు ఆగుతుంది.

5డబ్ల్యూ-30 చెప్పిన ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే చల్లటి ఉదయం స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ పైకి చేరడం ఆలస్యమవుతుంది. గట్టిపడిన రబ్బరు మాత్రం అలాగే ఉంటుంది.

అపోహ: పనయ్యాక కూడా పొగ వస్తే పని చెడినట్టే.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద ముందే పడిన ఆయిల్ కొన్నాళ్లు కాలుతుంది, ఆ వాసన క్రమంగా తగ్గాలి. స్టార్ట్ చేసి పావుగంట ఐడ్లింగ్‌లో ఉంచి చుట్టూ టార్చితో చూడండి. కొత్త తడి మానిఫోల్డ్ వైపు కనిపిస్తే బండి నడపకండి, అంటుకునే ప్రమాదం ఉంది. ఇంజన్‌ను పెట్రోలుతో కడిగే అలవాటు కూడా మానుకోవాలి.

అపోహ: కొత్త ప్యాకింగ్ మళ్లీ లీకైతే సరుకు నాసిరకం.

అదీ కావచ్చు. ముందు పీసీవీ వాల్వ్ చూడండి. రింగుల పక్కనుంచి జారే గ్యాసును తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపేది అదే. అది జిడ్డుతో మూసుకుపోతే లోపలి ఒత్తిడి పెరిగి ఆయిల్‌ను బలహీనమైన అంచు నుంచి తోస్తుంది. వాల్వ్ తీసి చెవి దగ్గర ఊపితే చాలా రకాల్లో లోపల గలగల వినిపించాలి. నిశ్శబ్దంగా ఉంటే మార్చేయండి, పైపు పగిలిందేమో కూడా చూడండి. వాల్వ్, పైపు బాగున్నా ఐడ్లింగ్‌లో ఆయిల్ మూత తీయగానే గాలి బుస్సుమని తన్నుతుంటే కంప్రెషన్ టెస్ట్ చేయించాల్సిందే.