నెల్లూరు పార్కుల్లో ఎవరూ నాటని పూలు

శివరాత్రి వెళ్లిన వారానికి నెల్లూరులో ఏ పార్కుకైనా పొద్దున్నే వెళ్లండి. నాటిన బంతులు, కాగితంపూలు దాటి ప్రహరీ పక్కకు నడవండి. నీళ్ల పైపు అందని, కొడవలి పడని ఆ మూరెడు నేల దగ్గరే చూడాల్సింది ఉంది.

నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలే తెస్తాయి. నైరుతి వానల మీద బతికే తెలంగాణలో గడ్డీగాదం ఎండే వేళకు ఇక్కడి మట్టిలో ఇంకాస్త తడి మిగులుతుంది. మన వసంతపు నేలపూలకు ఆ తడే పెట్టుబడి.

ముందు కంటపడేది గడ్డిచామంతి. దెబ్బ తగిలితే దాని ఆకు పసరు పిండుకుంటాం కాబట్టి మనదే అనుకుంటాం. పుట్టిల్లు మాత్రం మధ్య అమెరికా. అత్తిపత్తిదీ అటు వైపే. వయ్యారిభామ సంగతి చెప్పనే అక్కర్లేదు!

తాతలనాటి మొక్కలు కావాలంటే వంగి చూడాలి. శివుడికి పెట్టే తెల్ల తుమ్మిపూవుకు పై పెదవి నూగుతో గొడుగులా వంగి కేసరాలను దాస్తుంది. తేనెటీగ కింది పెదవి మీద వాలి తల దూర్చగానే పుప్పొడి దాని వీపుకు అంటుతుంది. పక్కనే నేలకు పాకే విష్ణుక్రాంత, గోరంత నీలిపూవు. ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది, సాయంత్రం వాకింగుకు వచ్చేవాళ్లకు దొరకదు.

నేను ఎక్కువసేపు నిలబడేది జిల్లేడు దగ్గర. లేత ఊదాపూవు నడుమ ఐదు పలకల కిరీటం ఉంటుంది. దీని పుప్పొడి పొడిగా రాలదు, మైనంలాంటి చిన్న సంచుల్లో ఉంటుంది. పూవుకు ఐదు జతల సంచులు, జత జతకూ ఒక నల్లటి కొక్కెం, దాని కింద సన్నని చీలిక. తేనె కోసం వాలిన నల్ల తుమ్మెద కాలు ఆ చీలికలోకి జారుతుంది. లాక్కుంటే కొక్కెం తగులుకుని సంచుల జత ఊడి కాలితో వచ్చేస్తుంది. ఇంకో పూవు మీద మళ్లీ కాలు జారితే సంచి అక్కడ ఇరుక్కుంటుంది. సన్నని సూదిమొన చీలికలో పెట్టి మెల్లగా పైకి లాగితే ఆ జత మనకూ చిక్కుతుంది. ఇన్ని ఘట్టాలు కలిసిరావాలి కాబట్టే చెట్టు నిండా పూలున్నా కాయలు కొన్నే. కాసిందంటే మాత్రం ఒక్క కాయలోనే బోలెడు దూదిగింజలు.

ఆకు అడుగున నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగు ఉందేమో చూడండి. జిల్లేడు విషాన్ని ఒంట్లో దాచుకుని నారింజరంగు సీతాకోకచిలుక అవుతుంది, పిట్టలు సాధారణంగా దాని జోలికి పోవు. చూసేటప్పుడు ఆకు తుంచకండి. ఆ పాలు కంట్లో పడితే డాక్టరు దగ్గరకు పరుగెత్తాల్సిందే.