కాడి నిలవని మెడ

పొలాల అమావాస్య నాడు ధర్మాబాద్ దగ్గర మా మేనమామ కొట్టంలో ఎడ్లను ముస్తాబు చేస్తున్నారు. ఈ వైపు నాటు జాతి లాల్ కంధారి ఎద్దు మూపురానికి గులాల్ పూసి, కొమ్ములకు రిబ్బన్లు చుట్టారు. పక్కనే సంకర కోడె. రంగు పట్టుకున్న పిల్లవాడు దాని మెడ దగ్గర కాసేపు తడుముకుని, చివరికి వీపంతా పూసేశాడు. మూపురం అసలు లేదని కాదు, గడ్డలా కొద్దిగా ఉంది. దాన్ని ఓసారి కాడికి కట్టి చూశారట. లాగేటప్పుడు కాడి మూపురానికి ఆనాలి కదా. ఇక్కడ ఆనడానికేమీ లేక, నాలుగు అడుగులకే జారి వీపు మీదికి వచ్చింది. మళ్లీ ఎవరూ కట్టలేదు.

నాందేడ్ జిల్లా తెలుగు ఊళ్లలో "దేశీయా, జెర్సీయా" అన్న వాదన పాలు పోసేచోట మొదలై ఇంటిదాకా వస్తుంది. (1956 దాకా ముధోల్ వైపు కూడా ఈ జిల్లాలోదే. తర్వాత గీత గీశారు గానీ, భాషా, పశువులూ ఆ గీతను పట్టించుకోలేదు.) దీన్ని సర్కారు పథకాలు తెచ్చిన గొడవ అంటారు. దాని మొదలు అంతకన్నా చాలా వెనక ఉంది.

మన మూపురం ఆవుకూ, మూపురం లేని యూరప్ ఆవుకూ మూలం ఆరోక్స్ అనే అడవి పశువే. కానీ మచ్చికైనవి వేర్వేరు మందలు. యూఫ్రటీస్ నది ఎగువన సుమారు 10,500 ఏళ్ల కిందట ఒకటి, బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ ప్రాంతంలో దాదాపు 8,000 ఏళ్ల కిందట మనది. రెండోది మొదటిదానిలోంచే వచ్చిందని చాలామంది అనుకునేవారు. తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏను 1994లో పోల్చి చూస్తే, రెండు శాఖలూ లక్షల ఏళ్ల కిందటే విడిపోయాయని తేలింది. మనిషి పలుపు వేయకముందే అవి వేరన్నమాట.

అయినా రెండింటికీ క్రోమోజోములు 60. కలిస్తే దూడ పుడుతుంది, ఆ దూడకూ దూడలు పుడతాయి, కంచరగాడిదలా గొడ్డుబోదు. మగవాటి వై క్రోమోజోమ్ ఆకారం మాత్రం వేరు. మైక్రోస్కోపు కింద చూసి తండ్రిది ఏ వైపో చెప్పొచ్చు.

తండ్రి సంగతి ఎందుకంటే, ఈ కలయికల్లో ఎక్కువగా ప్రయాణం చేసింది అతనే. 4,200 ఏళ్ల కిందట పశ్చిమాసియాలో పెద్ద కరువొచ్చింది. ఆ తర్వాతి కాలపు పశువుల ఎముకల్లో మన వైపు డీఎన్ఏ బాగా కనిపిస్తుంది, తల్లి డీఎన్ఏ మాత్రం చాలావరకు పాతదే. ఎండకు ఆగే మూపురం ఆంబోతుల్ని కావాలనే తెచ్చుకున్నారని శాస్త్రవేత్తల ఊహ. ఆఫ్రికాలో మూపురం ఉన్న ఆవుల్లోనూ తల్లి డీఎన్ఏ మూపురం లేని వైపుదే.

మన దగ్గర బండి వెనక్కి తిరిగింది. ఈసారి ఆంబోతు కూడా రాలేదు, దాని వీర్యాన్ని గడ్డకట్టించి దాచే నైట్రోజన్ డబ్బా వచ్చింది. 1960ల్లో పశు అభివృద్ధి పథకాలు, 1967లో పుణె దగ్గర ఉరులీ కాంచన్‌లో మణిభాయ్ దేశాయ్ పెట్టిన బైఫ్ అనే సంస్థ, 1970లో పాల ఉత్పత్తి పెంచే ఆపరేషన్ ఫ్లడ్ పథకం. హోల్‌స్టీన్, జెర్సీ అనే యూరప్ జాతుల వీర్యం పల్లెల గుమ్మం దాకా చేరింది. మొదటి తరం దూడ నిజంగానే బంగారం: తండ్రి పాలు, తల్లి ఓర్పు. మన ఆవు ఒంట్లో వేడి తక్కువ పుడుతుంది, పొట్టి నున్నని వెంట్రుకలు, పెద్ద చెమట గ్రంథులు, గోమార్లకు తేలిగ్గా లొంగదు. ఆశకొద్దీ ఆ దూడకూ మళ్లీ హోల్‌స్టీన్ సూదే వేయిస్తే, నాలుగింట మూడొంతుల రక్తం అటుదవుతుంది. అలాంటి ఆవు మే నెలలో నాలుక బయటపెట్టి రొప్పుతుంటే ఫ్యాను పెట్టాల్సి వస్తుంది. 2019 పశుగణన ప్రకారం దేశంలోని ఆవులు, ఎద్దుల్లో విదేశీ, సంకర రకాలు 5 కోట్ల పైచిలుకు, మిగతా నాటువి 14 కోట్లు.

ఈ మధ్య ఏ2 పాల పేరుతో రేట్లు పెంచుతున్నారు. పాలలోని బీటా కేసిన్ అనే ప్రొటీన్‌లో ఏ1, ఏ2 అని రెండు రకాలు, 67వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లమే తేడా. మన ఆవుల్లో ఎక్కువగా ఏ2 ఉన్నమాట నిజమే, కానీ చాలా జెర్సీ ఆవులూ ఏ2 పాలే ఇస్తాయి.

నాకు అసలు లెక్క తప్పింది మగదూడ దగ్గర అనిపిస్తుంది. పాలు ఎన్ని లీటర్లో అందరూ చూశారు, సగం కాన్పుల్లో పుట్టే కోడెను ఏం చేయాలో ఎవరూ అనుకోలేదు. ట్రాక్టర్ రావడంతో మంచి ఎద్దుకే పని తగ్గింది. 2015లో మహారాష్ట్ర ఎద్దుల వధను కూడా నిషేధించింది, దాంతో కాడికి పనికిరాని కోడెను కొనేవాడు లేడు. దీనికి మందుగా ఇప్పుడు దాదాపు ఆడదూడలే పుట్టే సూది వచ్చింది. వీర్యంలోంచి వై క్రోమోజోమ్ ఉన్న, అంటే మగదూడనిచ్చే, కణాల్నే ముందుగా తీసేస్తారు.

మొన్న సూది వేసేవాడు వస్తే మా మామ సంకర ఆవుకు అదే వేయించాడు. కంధారి ఆవు దగ్గరికి వచ్చేసరికి అడ్డం పడ్డాడు. "దీనికి మామూలుదే వెయ్యి, కంధారిదే. కోడె పుట్టాలె నాకు."