బందరుకు ఓడలు ఎందుకు వచ్చాయి, ఎందుకు మానేశాయి

పారశీకంలో బందరు అంటే రేవు. పెద్ద ఓడలు రావడం మానేసి తరాలు గడిచినా మచిలీపట్నానికి ఆ పేరు మాత్రం మిగిలింది. అక్కడి కొత్త రేవుకు 2008లో శంకుస్థాపన జరిగింది, 2019లో పనుల ప్రారంభోత్సవం జరిగింది, 2023 మే నెలలో మళ్లీ శంకుస్థాపన జరిగింది.

నిజానికి బందరుకు సహజమైన ఓడరేవు ఎన్నడూ లేదు. కృష్ణ తెచ్చి పోసే ఒండ్రుతో తీరం మెరక వేయడం వల్ల ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేస్తే, సరుకును పడవల మీద ఒడ్డుకు చేర్చేవారు. ఇంత ఇబ్బంది ఉన్నా డచ్చివారు 17వ శతాబ్దం మొదట్లోనే ఇక్కడ స్థావరం పెట్టుకున్నారు. 1611లో 'గ్లోబ్' ఓడలో వచ్చిన ఇంగ్లీషు కంపెనీవారు వారిని అనుసరించారు. వారిని రప్పించింది రేవు లోతు కాదు, రేవు వెనకనున్న గోల్కొండ రాజ్యం. కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాలు, నీలిమందు, వీటన్నిటికన్నా ముఖ్యంగా అద్దకపు నూలు బట్టలు ఇక్కడ దొరికేవి. జావా, సుమత్రా వైపు దీవుల్లో మిరియాలు, సుగంధద్రవ్యాలు కొనాలంటే అక్కడివారు కోరే ఈ తీరపు బట్టలు చేతిలో ఉండాలి కనుక, ఐరోపా కంపెనీల ఆసియా వర్తకం చాలావరకు మన నేతగాళ్ల మగ్గాల మీద ఆధారపడింది.

ఆ ఆధారమే క్రమంగా జారిపోయింది. 1641లో ఇంగ్లీషు కంపెనీ తన ముఖ్య స్థావరాన్ని మద్రాసుకు మార్చుకుంది. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. 1759లో ఫ్రెంచివారి నుంచి బందరు కోటను ఇంగ్లీషువారు గెలుచుకున్నా పాత వైభవం తిరిగి రాలేదు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు మిల్లు గుడ్డ ముంచెత్తి అద్దకాల గిరాకీని దెబ్బతీసింది. సుమారు 30,000 మందిని బలిగొన్న 1864 నవంబరు 1 నాటి ఉప్పెనే రేవును చంపిందని ఊళ్లో చెప్పుకుంటారు గానీ, అది అప్పటికే చిక్కిపోయిన రేవును తాకిందనడమే సబబు. 1933లో విశాఖలో లోతైన హార్బరు తెరుచుకున్నాక ఆ కాస్త ఆశా సన్నగిల్లింది.

ఇప్పుడు రూ.5,156 కోట్ల అంచనాతో, ఓడలు నిలిచే నాలుగు బెర్తులతో, ఏడాదికి 3.5 కోట్ల టన్నుల సామర్థ్యంతో తలపెట్టిన రేవుకు లోతును పూడికతీతతో సాధించవచ్చు. అయితే తవ్విన చోటే మళ్లీ మేట పడుతుంది కనుక ఆ ఖర్చు ఏటా ఉంటుంది. దాన్ని భరించేంత సరుకు ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు ప్రశ్న. పుణె నుంచి హైదరాబాదు, విజయవాడల మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి బందరులోనే ముగుస్తుంది. గోల్కొండ సరుకు సముద్రానికి చేరిన దిక్కూ ఇంచుమించు ఇదే. తీరం లేని తెలంగాణ ఎగుమతులకు ఇది దగ్గరి దారి కావచ్చు. కానీ ఉత్తరాన కాకినాడ, గంగవరం, విశాఖ, దక్షిణాన కృష్ణపట్నం ఇప్పటికే రైలు మార్గాలతో, నిలకడైన ఖాతాదారులతో నడుస్తున్నాయి. వాటికి అలవాటుపడిన ఎగుమతిదారు తన కంటెయినరును ఇటు మళ్లించాలంటే, దూరం తగ్గడంతో పాటు ఓడలు చెప్పిన రోజున వస్తాయన్న నమ్మకం కూడా కుదరాలి.