లావు నెక్ గిటార్: మూడు మిల్లీమీటర్ల లెక్క

"1940ల నాటి మోడల్‌లో చేసిన అకూస్టిక్ గిటార్ కొన్నాను. నాదం అద్భుతంగా ఉంది కానీ నెక్ మరీ లావు. ఎవరిచేతనైనా వెనక కాస్త చెక్కించి సన్నం చేయించుకోవచ్చా?" అని ఒక పాఠకుడు అడిగారు. వద్దండీ, చెక్కించకండి. ఎందుకో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. ఆ లెక్కంటే నాకు చాలా ఇష్టం, కాబట్టి కొంచెం దూరం లాగుతాను, ఓపిక పట్టండి.

నెక్ అంటే చేత్తో పట్టుకునే పొడవాటి భాగం, దాని ముందువైపు పలక ఫ్రెట్‌బోర్డ్, ఆ పలక మీది అడ్డ లోహపు గీతలు ఫ్రెట్లు, తీగలు చుట్టుకునే కొస హెడ్‌స్టాక్. స్టీల్ తీగల గిటార్‌కి లైట్ గేజ్ (సన్న తీగల) సెట్టు వేసి శ్రుతి చేస్తే, ఆరు తీగలూ కలిసి సుమారు 73 కిలోల బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడు రాత్రీ పగలూ ఆగదు. పైగా తీగలు నెక్ మధ్యలోంచి కాక దాని పైనుంచి పోతాయి. అందుకే అవి నెక్‌ని పొడవునా నొక్కడంతో సరిపెట్టవు, హెడ్‌స్టాక్‌ని తమ వైపు లేవదీస్తాయి కూడా. నెక్ అలా వంగిందంటే తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఎడం పెరుగుతుంది, చూపుడువేలితో తీగలన్నీ ఒకేసారి నొక్కే ఎఫ్ కార్డ్ పట్టేసరికి వేళ్ళు మండుతాయి.

ఇప్పుడు బడిపిల్లల చెక్క స్కేలు ఒకటి తీసుకోండి. వెడల్పు 3 సెంటీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు అనుకుందాం. సగం బల్ల మీద, సగం బయటికి ఉంచి కొసన వేలితో నొక్కండి, ఇట్టే వంగుతుంది. అదే స్కేలుని అంచు మీద నిలబెట్టి నొక్కితే వంగినట్టే కనబడదు. చెక్క మారలేదు, బరువు మారలేదు, కానీ దృఢత్వం 100 రెట్లు పెరిగింది. వెడల్పు రెట్టింపైతే దృఢత్వం రెట్టింపే అవుతుంది. వంగే దిశలో మందం రెట్టింపైతే మాత్రం ఎనిమిది రెట్లవుతుంది.

ఎనిమిదెందుకు? నెక్ ముందుకు వంగినప్పుడు ఫ్రెట్‌బోర్డ్ వైపు పొరలు కుంచించుకుంటాయి, వెనకవైపు పొరలు సాగుతాయి, నడుమ ఒక పొర ఏ మార్పూ లేకుండా ఉంటుంది. ఆ నడిమి పొరకి రెండింతల దూరంలో ఉన్న పొర రెండింతలు సాగాలి, అంటే రెండింతల బలంతో ఎదురు తిరుగుతుంది. ఆ బలం రెండింతల దూరం నుంచి పనిచేస్తుంది కాబట్టి ఫలితం నాలుగింతలు. ఇక మందం పెరిగినప్పుడు అసలు పొరల సంఖ్యే పెరుగుతుంది. అలా మందాన్ని మూడుసార్లు హెచ్చవేసినట్టయింది. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరాల్లో "బీడీ క్యూబ్ బై ట్వెల్వ్" (బీ వెడల్పు, డీ మందం, క్యూబ్ అంటే మూడుసార్లు హెచ్చవేయడం) అని పిల్లలచేత బట్టీ పట్టిస్తారు. ఒక్క స్కేలు చేతికిచ్చి వంచమంటే ఆ క్యూబ్ ఎక్కణ్ణుంచి వచ్చిందో జన్మలో మరిచిపోరు. ఆ పని ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

ఇక గిటార్ దగ్గరికొద్దాం. మొదటి ఫ్రెట్ దగ్గర ఇప్పటి సన్నపు నెక్ మందం 21 మిల్లీమీటర్లు, పాతకాలపు లావు నెక్ మందం 24 అనుకుందాం. చేతికి తెలిసే తేడా 14 శాతం. చెక్కకి దక్కే దృఢత్వం 49 శాతం. ఇక్కడ ఇంకో చిన్న లెక్క ఉంది. నెక్ లావైతే తీగలు నడిమి పొరకి మరింత దూరమై, వంచే శక్తి కూడా సుమారు 11 శాతం పెరుగుతుంది. అది తీసేసినా లావు నెక్ నాలుగో వంతు తక్కువ వంగుతుంది. తిరగేసి చూస్తే, 24ని 21కి చెక్కిస్తే మూడో వంతు ఎక్కువ వంగుతుంది. లోపల ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా ఆపే లోహపు కడ్డీ) కోసం తొలిచిన గాడి ఉంటుంది, దాని వెనక మిగిలే చెక్క పలచబడుతుంది. చెక్కించవద్దన్నది అందుకే.

ఆ లావు అసలు ఎలా వచ్చిందంటే, 1920లలో అమెరికాలో మార్టిన్ వంటి కంపెనీలు జంతువుల పేగుతో చేసిన తీగల నుంచి స్టీల్ తీగలకి మారాయి. లాగుడు ఒక్కసారిగా పెరిగింది. గిబ్సన్ సంస్థలో థాడియస్ మెక్‌హ్యూ రూపొందించిన, బిగించి సరిచేసుకోగల ట్రస్ రాడ్‌కి 1923లో పేటెంటు వచ్చింది. మార్టిన్ వాళ్ళు 1934లో నెక్‌లో టీ ఆకారపు ఉక్కు కడ్డీ పెట్టారు, బిగించుకునే రాడ్ మాత్రం 1985 దాకా పెట్టలేదు. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చి లోహానికి రేషన్ పడింది. మార్టిన్ ఉక్కు బదులు ఎబొనీ కర్ర వేసింది. మిషిగన్‌లోని కలమజూలో గిబ్సన్ ఫ్యాక్టరీ చాలా గిటార్లని ట్రస్ రాడ్ లేకుండానే తయారు చేసింది. అప్పట్లో అక్కడ పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. 1942లో వచ్చిన జే-45 మోడల్‌లో ఆనాటి నెక్‌లు కొన్ని 25 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. వాయించేవాళ్ళు వాటిని బేస్‌బాల్ బ్యాట్ నెక్ అంటారు.

ఉక్కు మహాగని కంటే దాదాపు 20 రెట్లు దృఢమైనది. దాన్ని తీసేస్తే చెక్క ఎలా భర్తీ చేస్తుంది? క్యూబే చేస్తుంది. కడ్డీ పోవడం వల్ల దృఢత్వం మూడింట రెండు వంతులకి పడిపోయిందనుకోండి, 21ని 24 చేస్తే చాలు, పోయింది తిరిగొస్తుంది. మూడు మిల్లీమీటర్ల మహాగని ఒక ఉక్కు కడ్డీ పని చేసిందన్నమాట. నన్ను కట్టిపడేసేది ఇదే.

1930ల నెక్‌లు చాలావరకు వీ ఆకారంలో ఉంటాయి, వెనక మధ్యలో ఒక గట్టులా. లెక్కలో వీ నష్టజాతకం. ఒకే వెడల్పు, ఒకే మందం ఉన్నప్పుడు పదునైన త్రికోణపు కోతకి, గుండ్రటి డీ ఆకారపు కోతలో సగమే దృఢత్వం. డీతో సమానం కావాలంటే వీ 26 శాతం ఎక్కువ మందంగా ఉండాలి. వీ నెక్‌లు అంత లోతుగా చేతిలో పడటానికి ఇదీ ఒక కారణం. టెక్సస్‌లోని కాలింగ్స్ సంస్థ 2014లో మొదలుపెట్టిన వాటర్‌లూ గిటార్లలో ఆ లావు వీ మళ్ళీ వచ్చింది. రాడ్ వేయించుకునే వీలున్నా ఆ ఆకారాన్నే కోరి కొనుక్కునేవాళ్ళున్నారు.

ఎందుకు కోరుకుంటారు? మణికట్టుని లోపలికి పూర్తిగా వంచి పిడికిలి బిగించి చూడండి, బలం రాదు. వేళ్ళని ముడిచే కండరాలు ముంజేతిలో ఉంటాయి. అవి మరీ కుంచించుకుపోయిన స్థితిలో లాగలేవు. పట్టు బాగా కుదిరేది 3 నుంచి 4 సెంటీమీటర్ల లావున్న పిడికి. సన్నపు నెక్ చుట్టూ వేళ్ళు ఆ కొలత కంటే లోపలికి ముడుచుకుపోతాయి, లావు నెక్ ఆ కొలతకి దగ్గరగా వస్తుంది. బొటనవేలు పైనుంచి చుట్టి మంద్ర తీగ నొక్కే బ్లూస్ పద్ధతిలో నెక్ అరచేతిని నింపుతుంది, చెయ్యి త్వరగా అలసిపోదు. బొటనవేలు వెనక మధ్యలో ఆన్చి బార్ కార్డ్ (ఎఫ్ లాంటిది) పట్టేటప్పుడు మాత్రం ఆ లావు అడ్డమే, వేళ్ళకి అందే దూరం తగ్గుతుంది. చిన్న చేతులవాళ్ళకి లావు నెక్ పనికిరాదని షాపుల్లో చెప్పేమాట సగమే నిజం. మణికట్టు తిన్నగా ఉంచి, బొటనవేలి చోటు పాటని బట్టి మారుస్తూ కొన్నాళ్ళు వాయించి చూడాలి.

నాదం సంగతికొస్తే, లావు నెక్ ఉంటే నాదం పెరుగుతుందని గిటార్ వాయించేవాళ్ళలో గట్టి నమ్మకం ఉంది. అందులో మూఢనమ్మకం పాలెంతో, నిజం పాలెంతో విడదీయవచ్చు. నాదంలో సింహభాగం పైపలకదే. కానీ నెక్ కూడా తనకంటూ ఒక కంపన వేగంతో ఊగుతుంది. ఏదైనా స్వరం సరిగ్గా ఆ వేగానికి తగిలితే తీగ శక్తిని నెక్ తాగేస్తుంది, స్వరం చటుక్కున చచ్చిపోతుంది. దాన్నే డెడ్ స్పాట్ అంటారు. ఎలక్ట్రిక్ గిటార్లలోనూ బేస్‌లోనూ ఇది బాగా తెలుస్తుంది, అకూస్టిక్‌లో తక్కువ. మందంతో దృఢత్వం క్యూబ్‌గా, బరువు మామూలుగా పెరుగుతాయి. ఈ రెండూ కలిస్తే కంపన వేగం మందంతో సమానంగా పెరుగుతుంది. నెక్‌ని విడిగా లెక్కేస్తే 21 నుంచి 24కి 14 శాతం, అంటే రెండు ఫ్రెట్లకి కాస్త ఎక్కువ. లావు నెక్ డెడ్ స్పాట్‌ని పోగొట్టదు, పై ఫ్రెట్లకి జరుపుతుంది. మీ గిటార్‌లో అలాంటి చోటు దొరికితే హెడ్‌స్టాక్‌కి చిన్న క్లాంప్ బిగించి మళ్ళీ వాయించండి. ఈసారి బరువు పెరిగింది కాబట్టి ఆ చోటు కింది ఫ్రెట్ల వైపు జరుగుతుంది.