చేనేత బట్టతో మోడ్రన్ లేబుల్: నాకు తరచూ వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

ఇకత్, మంగళగిరి కాటన్, కలంకారీతో జాకెట్లు, డ్రెస్సులు కుట్టించి అమ్మే లేబుల్ నడుపుతున్నా. కొత్తగా పెట్టాలనుకునేవాళ్లు అడిగేవాటిలో కొన్ని మళ్లీ మళ్లీ వస్తున్నాయి, అందుకే ఒకచోట రాస్తున్నా.

అపోహ: వెస్టర్న్ కటింగ్ తీసుకుని మన బట్టతో కుట్టేస్తే ఫ్యూజన్ అయిపోతుంది.

వాస్తవం: చిక్కంతా ఇక్కడే ఉంది. కటింగ్ ఎలా ఉండాలో బట్టే చెప్తుంది. మిల్లు బట్ట ఎక్కువగా 58-60 అంగుళాల పన్నాలో (వెడల్పులో) దొరుకుతుంది, మగ్గం బట్ట మామూలుగా 44-48 మధ్యే, కాబట్టి మిల్లు బట్టకని గీసిన లేఅవుట్ దీనిమీద పరిస్తే ముక్కలు పట్టవు. మంగళగిరి అంచు తీసుకోండి. దాన్ని డ్రెస్ కింద ఘేరా (అడుగు చుట్టు) దగ్గరికి తేవాలనుకుంటే, అంచు బట్ట పొడవునా వెళ్తుంది కదా, డ్రెస్‌ని అడ్డంగా కట్ చేయాల్సిందే, అప్పుడు పన్నా 46 అయితే భుజం నుంచి కిందిదాకా పొడవు కూడా అంతకు మించదు, ఇంకా పొడవు కావాలంటే పైన యోక్ (భుజాల దగ్గర వేసే వేరే ముక్క) వేయాలి లేదా నడుము దగ్గర జాయింట్ ఇవ్వాలి. పైగా పడుగు దారం (బట్ట పొడవునా వెళ్లేది) ఒంటి చుట్టూ అడ్డంగా తిరుగుతుంది కాబట్టి బట్ట పడే తీరు కూడా మారిపోతుంది. దాన్ని దాచకుండా షేప్‌లోనే వాడుకుంటే అప్పుడొస్తుంది అసలైన కొత్త డిజైన్. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే.

ఇకత్ జాకెట్‌కి ఇంకోటి చూసుకోవాలి. ముందు రెండు ముక్కలూ బటన్ పట్టీ దగ్గర కలిసేచోట బుటా తెగితే కన్ను ముందు అక్కడికే పోతుంది, కాబట్టి అవి రెండూ డిజైన్ కలిసేలా చూసి కట్ చేయాలి, దానికి బట్ట ఎక్కువ పడుతుంది, ఆ వేస్టేజ్ మొదటి నుంచే ధరలో వేసుకోవాలి. నేత వదులుగా ఉంటే కుట్టు దగ్గర దారాలు జారతాయి, కుట్టు లోపల మార్జిన్ కాస్త ఎక్కువ వదలండి. ఇక కట్ చేసే ముందు బట్టని తడిపి ఆరబెట్టడం మాత్రం ఎప్పుడూ మానొద్దు.

అపోహ: శాంపిల్ నచ్చితే ఇంకో రంగులో వారంలో తెప్పించుకోవచ్చు.

వాస్తవం: ఇకత్‌లో డిజైన్ బట్ట మీద వేసేది కాదు, నేయకముందే దారాన్ని కట్టి రంగు అద్దుతారు, ఇంకో రంగు కావాలంటే మళ్లీ కట్టాలి, డబుల్ ఇకత్ అయితే పడుగూ పేకా (అడ్డం దారం) రెండిటికీ చేయాలి. వానాకాలంలో గుంట మగ్గంలో (నేలలో గుంట తవ్వి పెట్టే మగ్గం) చెమ్మ చేరితే పని నెమ్మదిస్తుంది. అందుకని ముందు నేతగాళ్ల క్యాలెండర్ తెలుసుకుని, దాన్నిబట్టి మీ కలెక్షన్ తేదీలు పెట్టుకోండి, అడ్వాన్స్ కూడా టైముకి ఇవ్వండి.

అపోహ: సంప్రదాయ డిజైన్‌ని ముట్టుకోకూడదు.

వాస్తవం: చీరాల వైపు తేలియా రుమాళ్ల (నూనె పట్టించిన దారంతో నేసే ఇకత్ బట్ట) మీద ఒకప్పుడు విమానాలు, గడియారాలు కూడా నేశారు! నేతవాళ్లు ఎప్పుడూ తమ కాలాన్ని బట్టలోకి తెచ్చుకుంటూనే ఉన్నారు. మార్చండి, కానీ నేసేవాళ్లతో కూర్చుని మార్చండి, ఎందుకంటే ఏ గీత దారంలో నిలుస్తుందో వాళ్లకే తెలుసు.

అపోహ: ఇకత్ డిజైన్ ప్రింట్ చేసిన బట్ట అయినా ‘పోచంపల్లి’ అని రాసుకోవచ్చు.

వాస్తవం: రాయకూడదు. పోచంపల్లి ఇకత్‌కి జీఐ (ఫలానా ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెందుతుందనే చట్టపరమైన గుర్తింపు) ఉంది, తేలియా రుమాల్‌కి 2020లో వచ్చింది, ఆ పేర్లు వేరే బట్టకి తగిలించడం చట్టప్రకారం తప్పు. బట్ట తిప్పి చూడండి. నేసిన ఇకత్ రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి, మామూలు ప్రింట్ అయితే వెనక వెలిసినట్టు ఉంటుంది. ప్రింట్ అమ్మడం తప్పేం కాదు, ట్యాగ్ మీద ప్రింట్ అని రాస్తే చాలు.

అపోహ: ధర, పేరు తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: పేరుకి క్లాస్ 25లో (దుస్తుల విభాగం) ట్రేడ్‌మార్క్ ముందే వెతికి అప్లై చేయండి, ఆన్‌లైన్‌లో వ్యక్తులకీ చిన్న సంస్థలకీ ఫీజు 4,500 రూపాయలు. జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి మారింది, రెడీమేడ్ పీస్ 2,500 దాకా 5 శాతం, దాటితే 18. అంటే 2,500 డ్రెస్ కస్టమర్‌కి 2,625 పడితే, 2,600 డ్రెస్ 3,068 పడుతుంది. ఆ గీతకి కాస్త పైన ధర పెట్టేముందు రెండుసార్లు లెక్కేయండి, అక్కడ తగ్గించాల్సి వస్తే లైనింగ్‌లోనో ప్యాకింగ్‌లోనో తగ్గించుకోండి, నేత కూలీ జోలికి మాత్రం పోకండి.