తుఫాను జాబితాలో మీ పేరెందుకు రాలేదంటే

అమావాస్య పోటుకి ఇల్లు పోయిన మర్నాడు ఒకామె గడప చెక్క మోసుకుని నా దగ్గరికి వచ్చింది. గోడ పడేలోపు పీకి తెచ్చుకుందట. పసుపు, బొట్లు ఇంకా చెరగలేదు. "ఇల్లుండేదనడానికి ఇదే సాక్ష్యం బాబూ, లిస్టులో నా పేరెక్కించు" అంది.

ఒడిశా గంజాం జిల్లాలో మన తెలుగు జాలరి పేటలకు చాలా ఏళ్లుగా పరిహారం దరఖాస్తులు రాసిపెడుతున్నాను. ఈ మాట విన్నప్పుడల్లా గుండె బరువెక్కుతుంది.

అపోహ: సముద్రం లాక్కుపోయిన ఇంటికి తుఫాను డబ్బులు వస్తాయి.

రావు. కేంద్రం సాయమిచ్చే విపత్తుల పట్టికలో తుఫాను, వరద, సునామీ, కొండచరియలు ఉన్నాయి, తీరపు కోత లేదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫానుకి ఎగిరిన రేకులకు లెక్క ఉంటుంది. ఏడాదికింత ఒడ్డు తెగి, మామూలు రోజున కూలిన గోడకు ఆ లెక్కలో చోటు లేదు. రాష్ట్రాలు కొన్ని విపత్తులను సొంతంగా చేర్చుకోవచ్చు. ఒడిశా పిడుగును, పాముకాటును చేర్చుకుంది. కేరళ తీరపు కోతనే చేర్చుకుంది. ఓట్లకొచ్చే నాయకుడిని నిలదీయాల్సింది ఇక్కడ. "నీ పేరు రాయించానులే" అన్న నాయకుడి మాట నమ్మి గడప తెచ్చినామె ఇల్లు కూలకముందు రెండేళ్లు ఎదురుచూసింది. ఆ రెండేళ్లలో అడగాల్సినది అడగలేదు.

అడగాల్సింది పునరావాసం, అంటే లోపలి వైపు ఇంటి స్థలం. 15వ ఆర్థిక సంఘం కోత వల్ల నిర్వాసితులైన వారి కోసం 2021–26 కాలానికి 1,000 కోట్లు సిఫార్సు చేసింది. కేంద్రపడా జిల్లా సాతభాయా జనాన్ని బగపాటియాకి తరలించారు కూడా. కాబట్టి కాగితం మీద "తుఫాను నష్టం" అని రాయకండి, "సముద్రపు కోత, పునరావాసం కావాలి" అని రాయండి. ఇల్లు నిలబడి ఉండగానే ఫోటో తీయండి. ఫోటోలో గుడో, నుయ్యో, కరెంటు స్తంభమో కనబడాలి, అప్పుడే ఆ చోటు ఎక్కడో తెలుస్తుంది. రేషన్ కార్డు, కరెంటు బిల్లు, ఏ రసీదున్నా పాలిథిన్‌లో చుట్టి పొరుగూరి చుట్టాలింట్లో పెట్టండి. పట్టా లేదని మానుకోవద్దు, ఉన్నన్నేళ్ల రుజువులన్నీ జతచేయండి.

అపోహ: తప్పంతా రేవుదే. లేదా, తప్పంతా వాతావరణ మార్పుదే.

పార్టీలు చెరొకటి పట్టుకుని అరుచుకుంటున్నాయి. రెండూ నిజమే. 1901 నుంచి 2018 దాకా ప్రపంచంలో సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది, ఆ వేగమూ పెరుగుతోంది. మన తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. దాన్ని రేవు కోసం సముద్రంలోకి కట్టిన రాతిగోడ ఆపితే ఉత్తరపు పేటకు ఇసుక అందదు, ఒడ్డు తెగుతుంది. ఎవరిది తప్పో తేలేదాకా మన దరఖాస్తు ఆగక్కర్లేదు.

అపోహ: షెల్టర్‌కి వెళితే ఇల్లు ఖాళీ చేసినట్టు రాసి పేరు కొట్టేస్తారు.

పచ్చి అబద్ధం. ఈ పుకారు విని మా మావయ్య ఫైలిన్ రాత్రి ఇంట్లోనే ఉండిపోయాడు. తెల్లారి మంచం పట్టె పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో కనిపించాడు. బతికాడు. చూరు మాత్రం మిగల్లేదు. 1999 పెనుతుఫానుకి వేలమంది పోయారు, ఫైలిన్‌కి లక్షలమందిని ముందే తరలించారు కాబట్టి ప్రాణనష్టం అంత జరగలేదు. పిలిస్తే వెళ్లండి.

గడప తెచ్చినామెకు ఆ రోజే కొత్త కాగితం రాశాను. ఫారం ఒడియాలో ఉందని టెన్షన్ పడకండి, తెలుగులో చెప్పండి, నేను రాస్తాను.